అతుకు చెప్పే పనితనం

దూరప్రయాణానికి కొత్త సైకిల్ కొందామని దుకాణానికి పోయినవాళ్లు ముందుగా అడిగేది బరువెంత, గేర్లెన్ని అని. రెండూ అడగదగిన ప్రశ్నలే. అయితే జనగామ జిల్లా తరిగొప్పులలో తెల్లవారకముందే బయలుదేరి, నర్మెట మీదుగా జనగామ చేరి, వరంగల్ దారి పట్టి, ములుగు దాటి, పాలంపేటలో రామప్ప గుడి చూసుకుని తిరిగి రావాలనుకునే మనిషికి ఆ జవాబులు సరిపోవు. అంత దూరంలో మనిషి అలిసిపోవడం సహజం, సైకిల్ మాత్రం అలవకూడదు. పొద్దున పెడల్ ఎంత తేలిగ్గా పడిందో అర్ధరాత్రి కూడా అంతే తేలిగ్గా పడాలి. ఆ భరోసా పనితనం నుంచే వస్తుంది. పనితనాన్ని ఎక్కడ చూడాలో, ఎట్లా చూడాలో తెలిస్తే ఎంపిక సగం అయిపోయినట్టే.

ఈ తరహా ప్రయాణాలకు ప్రపంచమంతటా ఒక లెక్క నడుస్తోంది. 1904లో పుట్టిన ఆడాక్స్ క్లబ్ పారిసియన్ నడిపిస్తున్న లెక్క అది. 200 కిలోమీటర్లకు 13 గంటల 30 నిమిషాలు, 300కు 20 గంటలు, 400కు 27 గంటలు, 600కు 40 గంటలు. వీటిని బ్రెవేలంటారు. నాలుగూ ఒకే సీజన్‌లో పూర్తిచేస్తే సూపర్ రాండనర్ అన్న గుర్తింపు వస్తుంది. మన దేశంలో ఆడాక్స్ ఇండియా రాండనర్స్ తరఫున, ఇక్కడ హైదరాబాద్ రాండనర్స్ వంటి క్లబ్బులు వీటిని జరుపుతున్నాయి. ఇవి పందేలు కావు, ముందు వచ్చినవాళ్లకు బహుమతులుండవు. నిర్ణయించిన కంట్రోలు పాయింట్ల దగ్గర తప్ప దారిలో మనవాళ్లు కారులో వెంట వచ్చి సాయం చేయడానికి వీల్లేదు. పంచరైనా చైను తెగినా తొక్కేవాళ్లే చూసుకోవాలి. కాబట్టి బ్రెవేకు పనికొచ్చే సైకిలంటే దారిలో చెడనిది, ఒకవేళ చెడినా రోడ్డు పక్కన కూర్చుని బాగుచేసుకోగలిగినది.

ఈ సూత్రం మొదటినుంచీ ఉన్నదే. 1891లో జరిగిన తొలి పారిస్–బ్రెస్ట్–పారిస్ సైకిల్ పందెంలో 1200 కిలోమీటర్లను షార్ల్ తెరో 71 గంటల 22 నిమిషాల్లో పూర్తిచేసి గెలిచాడు. ఆయన సైకిల్‌కున్నవి మిషెలిన్ వాళ్లు అప్పుడే తెచ్చిన గాలి టైర్లు. రిమ్ము నుంచి ఊడదీసి పంచరు వేసుకునే వీలు వాటి గొప్పతనం. నాలుగేళ్లకోసారి జరిగే ఆ ప్రయాణానికి ఇప్పుడు 90 గంటల గడువుంది. 2023లో జరిగిన దానికి మన దేశం నుంచి కూడా చాలామంది వెళ్లారు.

బరువునూ దూరాన్నీ తట్టుకునే సైకిల్ ఎట్లా ఉంటుందో మన ఊళ్లకు కొత్త కాదు. 1951లో మొదలైన అట్లాస్, 1956లో మొదలైన హీరో, అంబత్తూరు నుంచి వచ్చిన హెర్క్యులెస్ పెద్ద సైకిళ్లు ఈ చుట్టుపక్కల పాల క్యాన్లు, కల్లు కుండలు, వడ్ల బస్తాలు మోశాయి. సైకిల్ ట్యాక్సీల్లో గంటల లెక్కన కిరాయికి తిరిగాయి. ఆ సైకిల్ ఒకటి కనబడితే చక్రాలు చూడండి. ముందు చక్రానికి 32 స్పోకులుంటాయి, వెనుక చక్రానికి 40. మనిషి బరువులో ఎక్కువ భాగం, క్యారేజీ మీది బస్తా బరువంతా వెనుక చక్రం మీద పడుతుంది గనుక అక్కడ ఎనిమిది స్పోకులు ఎక్కువ పెట్టారు. రెండు రకాల రిమ్ములు, రెండు రకాల హబ్బులు తయారుచేసే శ్రమకు ఓర్చుకుని మరీ పెట్టారు. అవసరం ఎక్కడుందో అక్కడే బలం పెట్టడం మంచి పనితనానికి మొదటి గుర్తు. ఇరవై కిలోల బరువు, ఒక్కటే గేరు, రాడ్ బ్రేకులతో ఆ సైకిల్ బ్రెవేలకు భారమవుతుంది గానీ, అది నేర్పే చూపు మాత్రం కొత్త సైకిల్ కొనేటప్పుడు అడుగడుగునా అక్కరకొస్తుంది.

ఇక ఫ్రేము దగ్గరికి వద్దాం. ఫ్రేములో పరీక్షంతా అతుకు దగ్గరే. పెద్ద సైకిళ్లలోనూ, చేత్తో చేసే ఖరీదైన ఉక్కు ఫ్రేముల్లోనూ గొట్టాలను లగ్గు అనే ఉక్కు తొడుగులోకి దూర్చి అతుకుతారు. గొట్టానికీ లగ్గుకూ మధ్య వెంట్రుకవాసి ఖాళీ ఉంచి, వెలిగారంతో చేసిన పూత రాసి, గ్యాసు మంటతో ఎర్రగా కాలుస్తారు. తగిన వేడి పట్టాక ఇత్తడి కడ్డీని లగ్గు అంచుకు తాకిస్తే అది కరిగి తనంతట తానే ఆ సన్నటి సందులోకి పాకిపోతుంది. ఇత్తడి దాదాపు 900 డిగ్రీల దగ్గర కరుగుతుంది, ఉక్కు కరగాలంటే ఇంకో 500 డిగ్రీలకు పైగా కావాలి. అందుకే గొట్టం కరగకుండానే అతుకు పడుతుంది. వేడి తక్కువైతే ఇత్తడి అంచు దగ్గరే ఆగి పైకి బాగానే కనబడుతుంది, లోపల మాత్రం ఖాళీ మిగిలిపోతుంది. వేడి ఎక్కువైతే గొట్టం గట్టిదనం తగ్గుతుంది. ఈ రెంటి మధ్యా మంటను కదిలిస్తూ, ఉక్కు రంగు మారడాన్ని చూస్తూ ఇత్తడిని లగ్గంతా నడిపించగలగడం ఏళ్ల తరబడి చేస్తే గానీ చేతికి రాదు.

ఆ నైపుణ్యాన్ని కళ్లతో చూసే వీలుంది. పెడల్ ఇరుసు తిరిగే గూడులోంచి ఇరుసు తీయించి, లోపలికి టార్చి వేసి చూడాలి. గూడులోకి వచ్చి ఆగిన గొట్టం చివర చుట్టూ సన్నటి పసుపు గీత తెగకుండా కనబడితే, బయటి అంచు దగ్గర పెట్టిన ఇత్తడి లోపలి అంచు దాకా పారిందన్నమాట. గీత ఎక్కడైనా తెగితే అక్కడ అతుకు పూర్తి కాలేదని అర్థం. బయట లగ్గు అంచును గోటితో తడమాలి. మంచి పనివాళ్లు ఆ అంచును ఆకురాయితో పలుచగా అరగదీస్తారు. బరువు ఒకేచోట పోగుపడకుండా లగ్గు మీద నుంచి గొట్టంలోకి మెల్లగా దిగేందుకే ఆ పలుచదనం, అందం దానితో పాటే వస్తుంది. జనగామ పక్కనే ఉన్న పెంబర్తిలో, కాకతీయుల కాలం నుంచి వస్తున్న ఇత్తడి రేకు పనిని దగ్గర నుంచి చూసినవాళ్లకు అంచు దగ్గరే పనివాడి చేయి బయటపడుతుందని చెప్పక్కర్లేదు.

నేడు దుకాణాల్లో దొరికే ఉక్కు ఫ్రేముల్లో ఎక్కువ భాగం లగ్గుల్లేనివి. వాటికి టిగ్ వెల్డింగ్ చేస్తారు. అదీ మంచి పద్ధతే. వెల్డింగు వరస చేప పొలుసుల్లా ఒకే వెడల్పుతో, ఒకే ఎడంతో గొట్టం చుట్టూ తిరిగి రావాలి. ఒకచోట లావుగా, ఒకచోట సన్నగా, మధ్యలో చిల్లులతో ఉంటే, మీద ఎంత మెరిసే రంగు ఉన్నా ఆ ఫ్రేమును వదిలేయాలి.

రెండో పరీక్షకు ఒక దారప్పోగు చాలు. వెనుక ఇరుసు కూర్చునే గాడికి దారం ముడివేసి, ముందుకు తీసుకొచ్చి, హ్యాండిల్ కింది పొట్టి గొట్టం చుట్టూ తిప్పి, రెండోవైపు గాడికి బిగించి కట్టాలి. ఇప్పుడు సీటు గొట్టానికి అటువైపు దారం ఎంత దూరంలో ఉందో, ఇటువైపు దారం ఎంత దూరంలో ఉందో స్కేలుతో కొలవాలి. రెండూ సమానంగా వస్తే ఫ్రేము వెనుక భాగం నడిమధ్య ఉన్నట్టు. ఒకటి రెండు మిల్లీమీటర్ల తేడా పర్వాలేదు. అంతకు మించితే సైకిల్ ఒక పక్కకు లాగుతుంది. ఊళ్లో తిరిగేటప్పుడు ఆ లాగుడు తెలియదు. గంటల తరబడి దాన్ని సరిచేస్తూ తొక్కితే మెడ, భుజాలు పట్టేసి తెలిసొస్తుంది.

గొట్టాల్లోనూ దాగిన పనితనముంది. మేలు రకం గొట్టం చివరల్లో మందంగా, నడుమ పలుచగా ఉంటుంది. చివర 0.8 మిల్లీమీటర్లు, నడుమ 0.5 అన్నది ఎక్కువగా కనబడే కొలత. బయటికి మాత్రం గొట్టం మొదటి నుంచి చివరి దాకా ఒకే లావు. అతుకు వేడిని తట్టుకోవడానికి చివర మందం, బరువు తగ్గడానికీ రోడ్డు కుదుపును మింగడానికీ నడుమ పలుచన. గొట్టం మీద గోటితో చివర నుంచి నడుమ దాకా మీటుకుంటూ పోతే చప్పుడు మారడం వినబడుతుంది. చివర మొద్దుగా, నడుమ ఖంగుమని పలుకుతుంది. బర్మింగ్‌హామ్ రేనాల్డ్స్ కంపెనీ 19వ శతాబ్దం చివర్లోనే ఈ గొట్టాలకు పేటెంట్ తీసుకుంది. 1935లో వచ్చిన వారి 531 రకం దశాబ్దాల పాటు మంచి ఫ్రేముకు గుర్తుగా నిలిచింది. ఇప్పుడు అందుబాటు ధరల్లో క్రోమోలీ ఉక్కు ఆ పని చేస్తోంది.

కార్బన్ ఫ్రేము తేలిక, అల్యూమినియం చవక. రెంటిమీదా వేల మంది బ్రెవేలు పూర్తిచేశారు. అయినా మన ప్రాంతంలో నేను ఉక్కునే మెచ్చుకుంటాను. కార్బన్‌కు దెబ్బ తగిలితే పగులు లోపల దాగే ప్రమాదముంది. ఉక్కు విరిగే ముందు చాలాసార్లు వంగి హెచ్చరిస్తుంది. క్యారేజీ కొక్కెం ఊడితే జనగామలోనో చేర్యాలలోనో గ్యాస్ వెల్డింగ్ తెలిసిన మేస్త్రి ఇత్తడితో అతికి పంపగలడు.

ఫ్రేము తర్వాత చక్రం. సైకిల్ మొత్తంలో నాకు అన్నిటికన్నా ఆశ్చర్యం కలిగించే పని ఇది. బరువు పడ్డప్పుడు నేలను తాకే చోట ఉన్న స్పోకుల బిగువు కాస్త సడలుతుంది, చక్రం తిరగగానే మళ్లీ బిగుసుకుంటుంది. చక్రం చుట్టుకొలత దాదాపు 2.1 మీటర్లు గనుక 600 కిలోమీటర్ల బ్రెవేలో ఒక్కో స్పోకు దాదాపు 2.85 లక్షల సార్లు ఇట్లా సడలి బిగుసుకోవాలి. వదులుగా ఉన్న స్పోకు ప్రతి తిప్పుకూ హబ్బు దగ్గరి మెడలో వంగి వంగి చివరికి అక్కడే తెగుతుంది. అందుకే నాణ్యమైన స్పోకును కూడా చివర 2 మిల్లీమీటర్లు, నడుమ 1.8 మిల్లీమీటర్లు ఉండేలా లాగుతారు. సన్నటి నడుమ సాగుతూ మెడ మీది భారాన్ని తగ్గిస్తుంది. గొట్టంలో చూసిన సూత్రమే ఇక్కడ సన్నటి తీగలోకి వచ్చింది.

దూరానికి 32 లేదా 36 స్పోకుల చక్రాలు తీసుకోవాలి. ఒక్కో స్పోకు మూడు స్పోకులను దాటి రిమ్ముకు చేరాలి, మూడోదాన్ని దాటేటప్పుడు దానికి తాకుతూ అల్లుకోవాలి. దుకాణంలోనే స్పోకులను ఒక్కొక్కటిగా మీటండి. ఒకేవైపువన్నీ దాదాపు ఒకే స్వరం పలకాలి. వెనుక చక్రంలో గేర్లున్న వైపు స్వరం హెచ్చుగా ఉంటుంది, ఆ వైపు స్పోకులు నిటారుగా నిలబడి ఎక్కువ బిగువు మోస్తాయి కాబట్టి. బెండు తీయడంలో చేయి తిరిగిన మెకానిక్ స్పోకును బిగించే నిప్పిల్‌ను పావు తిప్పు, అర తిప్పు కన్నా ఎక్కువ కదపడు. ఒకటి బిగిస్తే పక్కదాని మీద ఏం పడుతుందో ముందే లెక్కగడతాడు. చివర జంట స్పోకులను పిడికిట్లో గట్టిగా నొక్కి, మెలిక మిగిలి ఉంటే సర్దుకోనిచ్చి మళ్లీ చూస్తాడు. ఆ నొక్కుడు మానేసిన చక్రం మొదటి వంద కిలోమీటర్లలోనే బెండు చూపిస్తుంది.

టైరు 28 నుంచి 32 మిల్లీమీటర్లది, దాని మీద మడ్గార్డుకు కూడా చోటుండాలి. పల్లేరుకాయలు, తుమ్మముళ్లు పడే దారులకు, ప్యాచీలు వేసిన తారు రోడ్లకు ఇంతకన్నా సన్నవి వద్దు. మడ్గార్డు, క్యారేజీ, లైటు బిగించే మరకన్నాలు ఫ్రేములోనే ఉన్నాయా చూడాలి. ఫ్రాన్స్‌లో అలెక్స్ సింగర్, రెనే హెర్స్ వంటి పనివాళ్లు 1930ల చివర నుంచి ఈ విషయంలో దారి చూపించారు. ఫ్రేము, క్యారేజీ, మడ్గార్డు, లైటు వేర్వేరు సామాన్లన్న ఆలోచన వదిలి అన్నిటినీ ఒకే సైకిల్‌గా ఊహించి చేశారు. అట్లా చేసిన సైకిల్ ఎంత దూరం పోయినా గలగలలాడదు.

రాత్రి ప్రయాణానికి హబ్బు డైనమో పెట్టిన డబ్బుకు పూర్తి ఫలితమిస్తుంది. పాత సైకిళ్లలో టైరును ఒరుసుకుంటూ మూలిగే డైనమో మనకు తెలుసు. ఇందులో అయస్కాంతాలు, తీగచుట్ట హబ్బు లోపలే ఉంటాయి, ఒరుసుకునేదేమీ లేదు. 6 వోల్టులు, 3 వాట్లు మాత్రమే. మంచి లైటు అద్దం ఆ కొంచెం వెలుగునే ఎదుటివాళ్ల కళ్లలో పడకుండా రోడ్డు మీద పరుస్తుంది. తెల్లవార్లూ తొక్కినా చార్జింగు బెంగ లేదు.

గేర్లలో సంఖ్య కన్నా అడుగు గేరు ముఖ్యం. ముందు 30 పళ్లు, వెనుక 34 పళ్లు ఉంటే పెడల్ ఒక చుట్టుకు సైకిల్ 1.85 మీటర్లు కదులుతుంది. అలిసిన కాళ్లతో ఎత్తు ఎక్కించేది అదే. ఎనిమిది, తొమ్మిది గేర్ల చైను జిల్లా కేంద్రాల్లో దొరికే అవకాశం ఎక్కువ. సీటు ఎత్తు చూసుకోవడానికి మడమను పెడల్ మీద పెట్టి కిందికి దించితే కాలు సరిగ్గా చాపినట్టుండాలి. హ్యాండిల్ సీటుకు దాదాపు సమానమైన ఎత్తులో ఉంటే నడుము రాత్రి దాకా ఓర్చుకుంటుంది. కొలత కుదరని సైకిల్ ఎంత గొప్పదైనా మనది కాదు.

ఇక డబ్బు సంగతి. ఉన్న మొత్తాన్నంతా ఫ్రేము మీది పేరుకు పోయవద్దు. కొలతకు తగ్గ ఉక్కు ఫ్రేముకు మొదటి వాటా, చక్రాలకు రెండో వాటా, లైటుకు, సీటుకు ఆ తర్వాతి వాటా పెట్టండి. కొంత తీసి పక్కన ఉంచి, కొత్త చక్రాలను మంచి మెకానిక్ దగ్గరికి తీసుకుపోయి మళ్లీ బిగింపు చూడమనండి. ఆయన అడిగిన కూలికి బేరమాడవద్దు. కంపెనీలో గంటకు ఇన్నని బిగించిన చక్రాన్ని, మీ బరువుకూ మీ దారికీ తగినట్టు సరిచేసే మనిషి ఆయనొక్కడే. ఆయన చేసిన పనికి విలువ కట్టగలిగితే మీకు సైకిల్ ఎంచుకోవడం వచ్చినట్టే.