ఒక చెయ్యి, ఒక పుల్ల

సెనెగల్ వెళ్లిన యాత్రికుణ్ణి గోరే దీవికీ, జూజ్ పక్షుల చెరువులకీ ఎవరైనా తీసుకెళ్తారు. డాకర్‌లో వీధికి అడ్డంగా కుర్చీలు గుండ్రంగా వేసి, రాత్రి బాగా పొద్దుపోయాక మొదలుపెట్టే తన్నెబేర్ అనే వీధి వేడుకకి మాత్రం ఎవరూ తీసుకెళ్లరు. అక్కడ మోగేది సబార్ అనే డోలు. నన్నడిగితే ఆ దేశంలో ఆరుబయట చూడదగ్గ వాటిలో దానికి సాటి లేదు.

ఒంటి దుంగ తొలిచి, మేకతోలు కప్పి, కొయ్యమేకులు దిగ్గొట్టి తాళ్లతో బిగిస్తారు. తయారీ అంతే, విద్యంతా వాయింపులో ఉంది. ఒక చెయ్యి ఖాళీ, రెండో చేతిలో గలాన్ అనే సన్నని పుల్ల. మన సన్నాయి మేళంలో డోలు విద్వాంసుడూ పుల్ల పడతాడు గానీ ఆయన డోలుకు రెండు ముఖాలున్నాయి. ఇక్కడ చెయ్యీ పుల్లా ఒకే తోలు మీద పడాలి. అరచెయ్యి గుమ్మని లోతు తీస్తుంటే, పక్కనే పుల్ల పేలాలు వేగినట్టు చిటపటలాడుతుంది. దెబ్బలకు గిన్, పాఖ్, జా అంటూ నోటిమాటలున్నాయి. మన మృదంగం పిల్లలు త ధి తొం నం అన్నట్టే.

వాయించేవాళ్లు వోలోఫ్ జనాల గెవెల్‌లు. మన భట్రాజుల్లా పొగడ్తా, వంశచరిత్రా, వాద్యమూ తరతరాలుగా వాళ్ల సొత్తు. మేళంలో పొడుగాటి న్డేర్ పెద్దరికం చేస్తుంది, మిగతా డోళ్లు దరువు పడతాయి. బాక్ అనే పొడుగాటి జతిని అందరూ ఒక్క ఊపిరిలా వాయిస్తే ఒళ్లు జలదరిస్తుంది. పాత బాక్‌లు కొన్ని నిజానికి మాటలే. సామెతో, పొగడ్తో డోలు మీద పలుకుతుంది. అంతలో ఒకావిడ వలయంలోకి దూకుతుంది. న్డేర్ వాయించేవాడి కళ్లు ఆమె కాళ్ల మీదే. ఆమె గెంతు నేల తాకే క్షణానికే దెబ్బ పడాలి, వెంట్రుకవాసి తప్పినా అతని పరువు పోతుంది.

ఈ విద్యకు చక్రవర్తి దూదూ న్డియాయ్ రోజ్ (1930–2015). వందమంది వాద్యకారుల్ని ఎదుట నిలబెట్టి, చేతి సైగలతో ఒక్క వాద్యంలా పలికించిన మనిషి. ఐదువందల కొత్త దరువులు కట్టాడంటారు, నేను నమ్ముతాను. మగవాళ్ల పని అనుకునే సబార్‌ని తన ఇంటి ఆడవాళ్ల చేతికిచ్చి రోజెట్ మేళం నడిపాడు. 2006లో యునెస్కో ఆయన్ని సజీవ మానవ నిధి అంది. గాయకుడు యూసు న్డూర్ ప్రపంచమంతా వినిపించిన ఎంబలాఖ్ సంగీతానికి వెన్నెముక కూడా ఈ సబారే.

మరి హోటళ్లలో జరుగుతున్నదేమిటి? ఈతకొలను పక్కన నలుగురు కుర్రాళ్లకు రంగుబట్టలు కట్టి, జెంబేలు ఇచ్చి, అరగంట మోగించి ఇదే సెనెగల్ అంటారు. జెంబే గొప్ప వాద్యమే, కాదన్నవాడు లేడు. కానీ అది గినీ, మాలీ వైపు మాందే జనాలది. వోలోఫ్ వీధి గొంతు నొక్కి పొరుగింటి గొంతు అమ్మడం దుర్మార్గం. అతిథి భోజనం చేస్తుంటే వెనక మోగే చప్పుడుగా ఈ విద్యను దించడం మరీ దుర్మార్గం. తరాల సాధన చేసిన గెవెల్ బిడ్డ ఆ అరగంట కూలికి కుదురుకుంటే రేపు బాక్‌లు ఎవరి నోట నిలుస్తాయి?

డాకర్ వెళ్లే తెలుగువాళ్లకు నా మనవి. హోటల్ ప్రదర్శనకు టికెట్ కొనకండి. మెదీనా పేటలో తన్నెబేర్ ఎక్కడుందో ఊరివాళ్లని అడగండి, వాళ్లు రమ్మంటే వెళ్లండి, తెల్లవార్లూ కూర్చోండి. నచ్చితే అక్కడి ఆడవాళ్లు చేసినట్టే లేచి వెళ్లి, నోటు వాయించేవాడి చేతిలో పెట్టండి.