ముత్తవ్వ తల్లి పేరు

మన దగ్గర సినిమా నటుడి మూలాలు కనుక్కోవడమంటే ముందుగా కులం అడగడం. ఇంటిపేరు తెలిస్తే కులం తెలిసినట్టు, కులం తెలిస్తే మనిషే తెలిసిపోయినట్టు మాట్లాడుకుంటాం. కొత్త హీరో వచ్చిన వారం తిరక్కుండానే ఆ సంగతి తేల్చేస్తాం. ఆ ఆరా అంటే నాకు ఎప్పుడూ చిరాకే. నటుల పూర్వీకుల్ని వెతకడం మాత్రం ఏళ్ల తరబడి ఇష్టంగా చేస్తున్న పని. రెండూ ఒకటే కదా అని ఈమధ్య ఒక పాఠకుడు అడిగారు. కావని నా నమ్మకం. కులం అడిగేవాళ్లకు జవాబు దొరగ్గానే పని అయిపోతుంది. పూర్వీకుల్ని వెతికేవాళ్లకు ఒక పేరు దొరికితే అక్కడి నుంచి పని మొదలవుతుంది. ఆ మనిషి ఎక్కడ పుట్టింది, ఎవరిని పెళ్లాడింది, ఊరెందుకు విడిచింది అని కాగితం వెంట కాగితం చూసుకుంటూ వెనక్కి పోవాలి. నాకు బాగా ఇష్టమైన ఒక కుటుంబం కథ చెబితే ఈ తేడా తెలుస్తుంది.

1931లో వచ్చిన ‘ఫ్రాంకెన్‌స్టైన్’ సినిమా మొదట్లో పాత్రల పేర్లు, వాటి పక్కన నటుల పేర్లు పడతాయి. రాక్షసుడి పాత్ర పక్కన పేరుండదు. ప్రశ్నార్థకం ఉంటుంది. జనంలో కుతూహలం పెంచడానికి అలా వేశారు. సినిమా చివర్లో పేరు బయటపెట్టారు: బోరిస్ కార్లాఫ్. ఆ పేరూ అసలుది కాదు. తల్లిదండ్రులు పెట్టిన పేరు విలియం హెన్రీ ప్రాట్. 1887 నవంబరు 23న లండన్‌లో పుట్టాడు. 1909లో కెనడా వెళ్లి నాటక కంపెనీల్లో చేరి ఈ రష్యన్ పేరు తగిలించుకున్నాడు. అది అమ్మ వైపు వాళ్ల పాత పేరని చెప్పుకునేవాడు. తమ కుటుంబంలో అలాంటి పేరున్నట్టు తనకు తెలియదని ఆయన కూతురు సారా తర్వాతి రోజుల్లో చెప్పింది.

కార్లాఫ్‌ది చామనఛాయ. మూకీల రోజుల్లో ఆ ఛాయను చూసే ఆయనకు హిందువుల, అరబ్బుల వేషాలు ఇచ్చారు. 1932లో ‘ది మాస్క్ ఆఫ్ ఫూ మాంచూ’లో చైనావాడయ్యాడు. ఆ తర్వాత అమెరికా ఆదివాసీ నాయకుడి వేషమూ వేశాడు. తెరమీద అన్ని దేశాల వాడిగా కనిపించినా, తన కుటుంబం వచ్చిన దేశం మాత్రం తన పేరులో కనబడనివ్వలేదు. ఆ దేశం మనదే.

ఈ పనిలో పద్ధతి ఒకటే. తెలిసిన మనిషి దగ్గర మొదలుపెట్టి ఒక్కో తరం వెనక్కి నడవాలి. మధ్యలో ఒక్క తరాన్ని కూడా దూకకూడదు. ఎవరో గొప్పవాడి పేరు ముందు పెట్టుకుని అక్కడి నుంచి కిందికి దారి వేసుకుంటే ఆ వంశవృక్షం దాదాపు ఎప్పుడూ తప్పే అవుతుంది. కార్లాఫ్ తల్లి ఎలైజా సారా మిల్లార్డ్. ఆమె 1848లో సూరత్‌లో పుట్టింది. కార్లాఫ్ తండ్రి ఎడ్వర్డ్ జాన్ ప్రాట్ ఇండియాలో ఉప్పు పన్ను శాఖలో పనిచేశాడు. ఇక తల్లి వైపు పోదాం. ఎలైజా సారాను కన్నవాళ్లు ఫిరంగి దళంలో సార్జెంట్ మేజర్ జేమ్స్ మిల్లార్డ్, ఎలైజా జూలియా ఎడ్వర్డ్స్. వాళ్ల పెళ్లి 1845లో గుజరాత్‌లోని డీసా కంటోన్మెంటులో జరిగింది. పెళ్లికూతురికి పదిహేనేళ్లు. ఎలైజా జూలియా తండ్రి సార్జెంట్ థామస్ ఎడ్వర్డ్స్, తల్లి మేరీ యాన్ గ్లాస్కాట్. వీళ్ల పెళ్లి 1829లో ఠాణేలోని చర్చిలో అయింది. మేరీ యాన్ తండ్రి విలియం గ్లాస్కాట్, 1810లో ఇండియాకు వచ్చి బొంబాయి సైన్యంలో చేరిన ఇంగ్లీషు అధికారి.

మేరీ యాన్ తల్లి? అక్కడ కాగితం ఆగిపోతుంది. ఆమె పేరు ఎక్కడా లేదు.

ఇంతవరకు ఎలా రాగలిగామో కూడా చెప్పాలి. ఈస్టిండియా కంపెనీ కాలంలో ప్రతి కంటోన్మెంటు పాదరీ బాప్తిస్మాలు, పెళ్లిళ్లు, ఖననాలు రిజిస్టరులో రాసేవాడు. వాటి నకళ్లు ప్రెసిడెన్సీ కేంద్రానికి, అక్కడి నుంచి లండన్‌కు వెళ్లేవి. ఇప్పుడవి బ్రిటిష్ లైబ్రరీలో ఉన్నాయి. బెంగాల్, మద్రాసు, బొంబాయి మూడింటికీ విడివిడి వరసలు. మచిలీపట్నం, విశాఖపట్నం, సికింద్రాబాద్ కంటోన్మెంటు లాంటి మన చోట్ల సంగతులు మద్రాసు వరసలో చూడాలి. ‘ఫ్యామిలీస్ ఇన్ బ్రిటిష్ ఇండియా సొసైటీ’ అనే సంస్థలో స్వచ్ఛందంగా పనిచేసేవాళ్లు ఈ పేర్లకు సూచికలు తయారుచేస్తున్నారు. వాళ్ల పుణ్యాన ఇప్పుడు సొంత ఇంట్లో కూర్చుని కూడా చాలా వెతకవచ్చు.

ఈ రిజిస్టర్లతో పరిచయం పెరిగేకొద్దీ అవి ఎవరిని చూశాయో, ఎవరిని చూడలేదో తెలుస్తుంది. సైనికుడి హోదా, దళం, పటాలం నంబరు శ్రద్ధగా రాస్తారు. పుట్టిన బిడ్డకు తల్లి స్థానికురాలైతే చాలాసార్లు ఆ గడి ఖాళీగా ఉంటుంది, లేదా బాప్తిస్మం పేరు ఒక్కటే ఉంటుంది. ఊరు ఉండదు, తండ్రి పేరు ఉండదు. దీని వెనక పాదరీల అశ్రద్ధ ఒక్కటే లేదు. 1791లో ఈస్టిండియా కంపెనీ, భారతీయ తల్లులకు పుట్టిన కొడుకులు తన సివిల్, సైనిక, నౌకా ఉద్యోగాల్లో చేరకూడదని నిషేధించింది. తల్లి పేరు పైకి వస్తే కొడుకు బతుకుతెరువు పోయే రోజులవి. అలాంటప్పుడు ఏ తండ్రి ఆ పేరు రాయిస్తాడు? గ్లాస్కాట్ ఉన్న కాలానికి బొంబాయిలో యూరోపియన్ స్త్రీలు చాలా తక్కువ. అందుకే మేరీ యాన్ తల్లి భారతీయురాలో, ఆంగ్లో ఇండియనో అయి ఉంటుందని జీవితచరిత్రలు రాసినవాళ్లు అంచనా వేశారు. బలమైన అంచనాయే. అయినా అది అంచనా.

పేరు దాచడం ఆ తరంతో ఆగలేదు. ఎలైజా జూలియాకు ఒక చెల్లెలుంది, అన్నా. 1831లో అహ్మద్‌నగర్‌లో, తండ్రి చనిపోయాక పుట్టింది. సయాం రాజు మోంగ్‌కుట్ కొలువులో 1862 నుంచి 1867 దాకా రాజకుమారులకు, రాజకుమార్తెలకు చదువు చెప్పిన అన్నా లియోనోవెన్స్ ఆమే. ‘ద కింగ్ అండ్ ఐ’ నాటకమో, సినిమానో చూసినవాళ్లకు ఆమె తెలుసు. తాను వేల్స్‌లో పుట్టానని, తండ్రి కెప్టెన్ అని, భర్త మేజర్ అని ఆమె లోకానికి చెప్పింది. నిజానికి తండ్రి సార్జెంటు. భర్త గుమాస్తా పని చేసినవాడు. అక్క కుటుంబంతో సంబంధమే తెంచుకుంది. 1915లో మాంట్రియల్‌లో చనిపోయేదాకా ఆ కథను ఒక్క అక్షరం సడలించలేదు. ఆమె పోయిన చాలా ఏళ్లకు, 1970లలో, బ్రిస్టో అనే ఆయన ఆమె కొడుకు లూయీ గురించి పుస్తకం రాస్తూ, ఆమె చెప్పిన చోట్ల రికార్డులు లేకపోవడం గమనించి ఇండియా వైపు తిరిగాడు. బ్రిస్టో వృత్తి చరిత్రకారుడు కాదు, సాలెపురుగుల మీద పరిశోధన చేసినవాడు. చెప్పిన మాటను చెప్పినట్టు నమ్మకుండా వెళ్లి చూడాలనే శాస్త్రజ్ఞుడి అలవాటే ఇక్కడ పనికొచ్చిందని నేననుకుంటాను. ఆ తర్వాత సుసాన్ మోర్గన్, ఆల్‌ఫ్రెడ్ హాబెగర్ రాసిన జీవితచరిత్రలతో మిగతా సంగతులు తేటపడ్డాయి.

అన్నాను అబద్ధాలకోరు అని తేల్చేసేవాళ్లున్నారు. నేను ఆ మాట అనలేను. ఇద్దరు పిల్లలతో విధవరాలైన స్త్రీ, కంటోన్మెంటు బారకాసుల్లో పెరిగిన సార్జెంటు కూతురు, నిజం చెప్పి ఉంటే ఆ కాలపు ఇంగ్లీషు సమాజం ఆమెను గవర్నెస్‌గా గడప తొక్కనిచ్చేదా?

‘ద కింగ్ అండ్ ఐ’లో రాజు వేషం వేసిన యుల్ బ్రిన్నర్ గురించి కూడా ఇక్కడే చెప్పుకోవాలి. స్టేజీ మీద ఆ వేషం 4,625 సార్లు కట్టాడు. ఆయన కూడా తన పుట్టుక గురించి ఒక్కో విలేఖరికి ఒక్కో కథ చెప్పాడు. 1920లో వ్లాదివోస్తోక్‌లో పుట్టాడనీ, తాత స్విట్జర్లాండ్ నుంచి వచ్చిన వ్యాపారి అనీ ఓపిగ్గా తేల్చి రాసింది కొడుకు రాక్ బ్రిన్నర్. అన్నా తన గురించి చెప్పుకున్న కథలే ఆ నాటకానికి మూలం. రాజు వేషగాడు కూడా తన పుట్టుకకు కథ కల్పించుకున్నవాడే.

కాగితం దొరికితే చాలు, అంతా తేలిపోతుందనుకోవడమూ పొరపాటే. మెర్ల్ ఒబెరాన్ సంగతి చూడండి. 1935 నాటి ‘ద డార్క్ ఏంజెల్’కు ఉత్తమ నటి ఆస్కార్ నామినేషన్ అందుకున్న ఆమె 1911లో బొంబాయిలో పుట్టింది. టాస్మానియాలో పుట్టానని దాదాపు బతికినంతకాలం చెప్పింది. తనను పెంచిన షార్లెట్‌ను లండన్‌లో అందరికీ పనిమనిషిగా పరిచయం చేసింది. షార్లెట్‌ను ఆమె తల్లిగా ఎరిగినవాళ్లే కొద్దిమంది. చివరికి జనన పత్రం బయటికి తీస్తే కన్నతల్లి షార్లెట్ కాదు, షార్లెట్ కూతురు కాన్‌స్టెన్స్ అని తేలింది. అక్క అనుకున్న మనిషి అమ్మ, అమ్మ అనుకున్న మనిషి అమ్మమ్మ. బంధువులు చెప్పిన మాటల్నీ రిజిస్టరులో రాసిన మాటల్నీ పక్కపక్కన పెట్టి చూడకపోతే ఈ ముడి విడేది కాదు.

ఇక ఈ కాలపు మార్గం డీఎన్‌ఏ. ఫలానా నటుడు ఇంత శాతం ఐరిష్, ఇంత శాతం ఇండియన్ అని లెక్కలు వేసేవాళ్లు ఎక్కువయ్యారు. కార్లాఫ్ విషయంలో ఆ లెక్క ఎలా వేస్తారో చెబుతాను. పేరు తెలియని ఆమె కార్లాఫ్‌కు నాలుగు తరాల పైన ఉంది. అంటే ఆయన ముత్తవ్వ తల్లి. ఆ స్థానంలో పదహారు మంది ఉంటారు కనుక ఒక్కొక్కరి వంతు సగటున 6.25 శాతం. ఆమె పూర్తిగా భారతీయురాలైతే ఆ అంకె, ఆంగ్లో ఇండియన్ అయితే అందులో సగం. ఇది సగటే. ఎవరి నుంచి ఎంత వచ్చిందనేది తరం తరానికీ మారుతుంది. పైగా పరీక్షా సంస్థ పోలిక కోసం పెట్టుకున్న నమూనాలు మారితే అదే మనిషి శాతాలూ మారిపోతాయి. కార్లాఫ్ 1969లో చనిపోయాడు. ఆయన పేరు పక్కన ఎవరైనా అంకె రాస్తే, అది లెక్క చేసి రాసింది తప్ప కొలిచి రాసింది కాదు.

అయితే డీఎన్‌ఏ నిజంగా పనికొచ్చే చోటు ఒకటుంది. కార్లాఫ్ నుంచి ఆ అనామిక దాకా ఉన్న దారి మొత్తం ఆడవాళ్లదే. తల్లి, అమ్మమ్మ, ఆమె తల్లి, ఆమె తల్లి. మైటోకాండ్రియా డీఎన్‌ఏ తల్లి నుంచి పిల్లలకు దాదాపు మార్పు లేకుండా దిగుతుంది. తండ్రి నుంచి రాదు. కనుక కార్లాఫ్ దాన్ని మోశాడు, కానీ కూతురికి ఇవ్వలేదు. ఎలైజా జూలియా కూతుళ్ల కూతుళ్లలోనో, అన్నా కూతురు ఏవిస్ వైపు ఆడపిల్లల్లోనో ఆ వరస తెగకుండా వచ్చినవాళ్లుంటే, ఒక్క పరీక్ష ఆ ముత్తవ్వ తల్లి తల్లివైపు మూలం భారతదేశమో కాదో చాలావరకు చెప్పగలదు. ఆమె పేరు మాత్రం చెప్పలేదు.

పేరు నిలవడానికి కావలసింది ఏమిటో హైదరాబాద్ వాళ్లకు తెలుసు. బ్రిటిష్ రెసిడెంటు జేమ్స్ అకిలిస్ కిర్క్‌పాట్రిక్ పెళ్లాడిన ఖైరున్నీసా పేరు, ఆమె పిల్లల పేర్లు, వాళ్లను 1805లో ఇంగ్లండ్ పంపిన సంగతి అన్నీ దొరుకుతాయి. ఆమె నిజాం కొలువులో పెద్ద ఖాందాన్‌కు చెందినది. ఆ పెళ్లి రాజకీయంగా పెద్ద గొడవై ఉత్తరాలకు, విచారణలకు ఎక్కింది. ఠాణేలోనో, సూరత్‌లోనో ఒక చిన్న అధికారితో కాపురం చేసిన ఆడమనిషి కోసం ఎవరు విచారణ జరిపారు? గొప్పింటి పేర్లు నిలిచాయి, మిగతావి పోయాయి. కోఠీలో కిర్క్‌పాట్రిక్ కట్టించిన రెసిడెన్సీ చూసినప్పుడల్లా నాకు ఖైరున్నీసాతో పాటు పేరు లేని ఆ రెండో ఆమె కూడా గుర్తొస్తుంది.

ఈ వ్యాపకంలో అన్నిటికంటే కష్టమైన పని ఆగడం. ఇన్ని తరాలు నడిచి వచ్చాక ఆఖరి గడి ఖాళీగా వదలాలంటే మనసొప్పదు. ఏదో ఒక మరాఠీ పేరో, గుజరాతీ పేరో, పోర్చుగీసు పేరో పెట్టి కథ ముగించాలనిపిస్తుంది. అలా ముగించినవాళ్లను చూశాను. ఆ మనిషికి రిజిస్టరు చేసిన అన్యాయం కంటే ఇది పెద్దదని నా ఉద్దేశం. రాయని పేరును ఖాళీగా ఉంచితే కనీసం ఎవరో ఒకరున్నారని తెలుస్తుంది. తప్పు పేరు రాస్తే ఆమె స్థానంలో ఇంకొకరు కూర్చుంటారు.

మన ఇళ్లలోనూ ఇదే జరుగుతోంది. మనకు పిచ్చిగుంట్లవాళ్లు గోత్రాలు, వంశాలు నోటితో చెప్పి కాపాడారు. అందులో తండ్రి, తాత, ముత్తాత వరస ఎక్కువ. కొన్ని ఇళ్లలో తర్పణాల్లో అమ్మ, నాయనమ్మ, తాతమ్మ పేర్లు తలుచుకుంటారు, అదీ ఏడాదికి ఒకటి రెండుసార్లు. మిగతా కాగితాల్లో ఆమె ఫలానావారి భార్య. భర్త ఇంటిపేరు వచ్చాక పుట్టింటి పేరు ఎక్కడా రాయరు. మీ నాయనమ్మ తల్లి పేరు మీలో ఎంతమందికి తెలుసు?

పెద్దవాళ్లు ఇంకా బతికి ఉన్న ఇంట్లో ఉన్నవారికి నా మనవి ఇది. ఈ ఆదివారం ఒక నోటుపుస్తకం తీసుకుని వాళ్ల దగ్గర కూర్చోండి. ముందు ఆడవాళ్ల పేర్లు అడగండి. పుట్టింటి ఇంటిపేరు, పుట్టిన ఊరు, తల్లి పేరు, పెళ్లయిన ఏడు. ఎవరు చెప్పారో, ఏ రోజు చెప్పారో పక్కనే రాయండి. వాళ్లకు గుర్తులేని గడిని ఖాళీగానే వదలండి.