షరతు కోడ్‌లోనే ఉండాలి

1996 జూన్ 4న ఫ్రెంచ్ గయానాలోని కురూ నుంచి ఏరియాన్ 5 రాకెట్ తొలిసారి పైకి లేచింది. సుమారు 40 సెకన్లకే తునాతునకలైంది. అడ్డంగా సాగే వేగానికి సంబంధించిన ఒక 64 బిట్ల దశాంశ సంఖ్యను 16 బిట్ల పూర్ణాంకంగా మార్చబోతే అందులో పట్టలేదు. 32,767 దాటితే అక్కడ చోటు లేదు. ఆ కోడ్ ఏరియాన్ 4 నుంచి తెచ్చినది. పాత రాకెట్ ప్రయాణంలో ఆ విలువ అంత పెరిగేది కాదు. విచారణ సంఘం నివేదికలో నన్ను ఎక్కువగా కలచివేసేది మరొకటి. హద్దు దాటదన్న నమ్మకంతోనే అక్కడ రక్షణ పెట్టలేదు, కానీ ఆ నిర్ణయానికి కారణం కోడ్‌లో ఎక్కడా కనబడలేదు.

అలాంటి నమ్మకాలను కోడ్‌లోనే రాయించాలన్న పట్టుదలతో కంప్యూటర్ శాస్త్రవేత్త బెర్ట్రాండ్ మేయర్ 1985లో ఐఫెల్ ప్రోగ్రామింగ్ భాషకు రూపమిచ్చాడు. ప్రోగ్రాం మధ్యలో నిజమై తీరవలసిన మాటలు రాసుకోవాలని గణితవేత్త ట్యూరింగ్ 1949లోనే చెప్పాడు. 1969లో మరో కంప్యూటర్ శాస్త్రవేత్త హోర్ దానికి తర్కశాస్త్రపు పునాది వేశాడు. మేయర్ దాన్ని రోజూ కోడ్ రాసేవాళ్ల చేతికి అందించాడు.

ఐఫెల్‌లో ఖాతాలోంచి డబ్బు తీసే ఫంక్షన్ ఉందనుకోండి. అడిగిన మొత్తం నిల్వను మించకూడదన్నది ‘రిక్వైర్’ కింద రాస్తారు. పని పూర్తయ్యాక నిల్వ సరిగ్గా అంతే తగ్గి ఉండాలన్నది ‘ఎన్‌షూర్’ కింద. మునుపటి నిల్వను గుర్తుచేయడానికి ‘ఓల్డ్’ అనే మాట ఉంది. నిల్వ ఎప్పుడూ సున్నా కన్నా తగ్గదన్నది క్లాస్ మొత్తానికీ వర్తించే ‘ఇన్వేరియంట్’. మొదటి షరతు తప్పితే తప్పు పిలిచినవాడిది, రెండోది తప్పితే ఫంక్షన్ రాసినవాడిది. బాధ్యత ఇంత స్పష్టంగా పంచే పద్ధతి మరొకటి నేను చూడలేదు. అందుకే పిలిచినవాడు చూసుకోవాల్సిన షరతును ఫంక్షన్ లోపల మళ్లీ పరీక్షించవద్దంటాడు మేయర్. అనుమానంతో అడుగడుగునా తనిఖీలు పేర్చడానికి అలవాటుపడ్డవాళ్లకు ఇది మింగుడుపడదు, కానీ కోడ్ తేలికపడేది ఇక్కడే. వారసత్వంలోనూ అదే న్యాయం: పిల్ల క్లాస్ ముందు షరతును సడలించవచ్చు, బిగించకూడదు, ఇస్తానన్న ఫలితాన్ని పెంచవచ్చు, తగ్గించకూడదు.

కోడ్ పక్కనే అదనపు మాటలు రాసే మరో పద్ధతి, జావా భాషలో 2004లో వచ్చిన యానొటేషన్లది, వేరే దారి. అవి కోడ్‌కు అంటించే సమాచారపు చీటీలు. చదివే కంపైలరో మరో పనిముట్టో ఉంటేనే వాటికి విలువ. చీటీ ఒక్కటే సరిపోదు, లోపల పరీక్షించదగిన అర్థం కావాలి.

ఏరియాన్ కోడ్ రాసిన అడా భాషలోనే 2012 ప్రమాణం ఐఫెల్ తరహా షరతులనూ, కోడ్‌కు చీటీలా అంటించే పద్ధతినీ కలిపింది. ఫంక్షన్ ప్రకటన పక్కనే ‘ప్రీ’, ‘పోస్ట్’ షరతులు జోడించవచ్చు. షరతు రాసినంత మాత్రాన ఆ రాకెట్ నిలిచేదని నేననను. కొత్త ప్రయాణ మార్గపు విలువలతో పరీక్షించి ఉండాల్సింది కూడా. అయితే అడాకు చెందిన స్పార్క్ పనిముట్లు ఇవే షరతులను తీసుకుని, ప్రోగ్రాంను ఒక్కసారైనా నడపకుండానే, సాధ్యమయ్యే విలువలన్నిటికీ అవి నిలుస్తాయో లేదో గణితంగా నిరూపించే ప్రయత్నం చేస్తాయి. నిరూపణ కుదరని చోటును లైన్ నంబరుతో సహా చూపిస్తాయి.