గురజాడ మనవాడేనా?

"ఆంధ్రాలో పుట్టిన కవి ఒడిశాలో ఉన్న మనకు ఏమవుతాడు?" అని తోటి విద్యార్థులు కొందరు అడుగుతుంటారు. గురజాడ అప్పారావు గారి 'దేశభక్తి' గేయంలోనే దీనికి జవాబు ఉందని నా అభిప్రాయం.

ముందు చరిత్ర చూద్దాం. గురజాడ వారు 1862లో పుట్టారు. ఎక్కువకాలం విజయనగరంలో ఉండి 1915లో కన్నుమూశారు. ఆ రోజుల్లో మన కొరాపుట్, రాయగడ కూడా మద్రాసు రాజధానిలోని విశాఖపట్నం జిల్లాలోనే ఉండేవి. 1936 ఏప్రిల్ 1న ఒరిస్సా రాష్ట్రం ఏర్పడినప్పుడు ఇటు కలిశాయి. అప్పటికే ఇక్కడున్న తెలుగు కుటుంబాలు ఉన్నచోటే ఉన్నాయి, సరిహద్దు మారింది.

పోలండ్ వాళ్లదీ ఇలాంటి కథే. 1795 నాటికి మూడు పొరుగు రాజ్యాలు ఆ దేశాన్ని పూర్తిగా పంచేసుకున్నాయి. ఆడం మిత్స్కియెవిచ్ అనే కవి 1834లో పారిస్‌లో 'పాన్ తదేవుష్' కావ్యం ప్రచురించారు. పోలిష్ భాషలో రాసిన ఆ కావ్యం లిథువేనియాను పిలుస్తూ మొదలవుతుంది. ఆయన పుట్టిన ప్రాంతమేమో ఇప్పుడు బెలారస్‌లో ఉంది! అయినా 1918లో మళ్లీ స్వతంత్రం వచ్చేదాకా పోలండ్ జనం తమ దేశాన్ని ఆయన కవిత్వంలో చూసుకున్నారు.

మిత్స్కియెవిచ్ పోగొట్టుకున్న నేలను తలుచుకుని బాధపడ్డారు. గురజాడ వారు నేలను పొగడలేదు, మనుషులకు పని చెప్పారు. పంటలు పెంచమన్నారు, దేశీ సరుకులు తయారు చేయమన్నారు, సొంత లాభం కొంత వదులుకుని పొరుగువాడికి సాయపడమన్నారు. మతాలు వేరైనా మనసులు కలవాలన్నారు. మూడు, నాలుగు మాత్రల నడక, అందరికీ తెలిసే మాటలు. అందుకే చిన్నపిల్లలకు కూడా ఇట్టే వచ్చేస్తుంది.

అయితే ఆగస్టు 15న మనం పేరుపడ్డ రెండు చరణాలు పాడి ఆపేస్తాం. కష్టమైన పని చెప్పే చరణాలు మిగిలిపోతాయి.

గేయంలో నాకు కనిపించిన లోటు ఒకటుంది. కొండల్లో ఉండేవాళ్ల ప్రస్తావన అందులో లేదు. ఆ లోటును గురజాడ వారి చిన్ననాటి సహాధ్యాయి గిడుగు రామమూర్తి గారు తన పనితో తీర్చారు. పర్లాకిమిడిలో ఉంటూ సవర భాష నేర్చుకున్నారు, సవర పిల్లలకు బడులు పెట్టారు, 1931లో ఆ భాష గురించి ఇంగ్లీషులో పుస్తకం ప్రచురించారు. మన ప్రాంతంలో 'దేశభక్తి'ని గిడుగు వారి జీవితంతో కలిపి చదవాలి.

ఇంట్లో తెలుగు, బజారులో ఒడియా, సంతలో కువి, దేశియా. ఇదీ మన లోకం. "మన తెలుగు" అని గర్వంగా చెప్పుకుంటూనే, కొండ మీంచి వచ్చిన పిల్లాడి యాసకు నవ్వితే ఆ గేయం మనకు కంఠతా వచ్చినా ఒంటబట్టనట్టే. వాడిని పక్కన కూర్చోబెట్టుకుని, వాడి భాషలో నాలుగు మాటలు నేర్చుకున్న రోజున గురజాడ నిజంగా మనవాడవుతాడు.