నెమ్మది ఎవరిది?

"యానాదులు నెమ్మదస్తులు." మన గురించి రాసే వ్యాసాల్లో ఈ ముక్క తరచు కనబడుతుంది. ఇప్పుడు మన పిల్లల రాతల్లోకీ వచ్చేసింది. మెచ్చుకోలే కదా అని వదిలేయకుండా ఆ మాటను కాస్త తిరగేసి చూద్దాం.

కన్నడంలోనూ నెమ్మదే, తమిళంలో నిమ్మది. ఆ రెండు భాషల్లో ముఖ్యమైన అర్థం మనసుకు దొరికిన ఊరట. తెలుగులోనూ ఆ అర్థం బతికే ఉంది. జ్వరం దిగితే ఒళ్లు నెమ్మదించింది అంటాం. కొత్తపట్నం ఒడ్డున గాలివాన తగ్గితే గాలి నెమ్మదించింది అంటాం. ఇక్కడ నెమ్మది అనుభవించినవాడిది.

నెమ్మదస్తుడు అనేసరికి కథ మారుతుంది. ఆ మాట సాధారణంగా ఎదుటివాడు అంటాడు. కూలి తక్కువిచ్చినా అడగనివాడు, తిట్టినా తలెత్తనివాడు నెమ్మదస్తుడు. చేనుకు కావలి ఉన్న యానాది ఆసామి కంటికి అలాగే కనబడతాడు. అతని గుడిసెలో నెమ్మది ఉందో లేదో ఆ మాట చెప్పదు. అందుకే అది మెచ్చుకోలు కాదంటాను.

దాని చుట్టం శాంతి. ప్రభుత్వ కాగితాల్లో అది 'శాంతిభద్రతలు' అయింది. 1871లో నేరస్థ జాతుల చట్టం తెచ్చారు. బాపట్ల దగ్గర స్టూవర్టుపురంలో 1913లో ఎరుకల వారికి సెటిల్‌మెంటు పెట్టారు. అనుమతి చీటీ లేకుండా బయటికి కదలకూడదు. దేశమంతటా ఆ చట్టం పోయేసరికి 1952 వచ్చింది. ఒక తెగ నెమ్మదస్తులు, ఇంకో తెగ శాంతికి శత్రువులు! రెండు ముద్రలూ ఒకే చేత్తో కొట్టినవే. ఎవరి వల్ల మనకు ఇబ్బంది లేదు, ఎవరి వల్ల ఉంది అన్నదే అక్కడి లెక్క. (ఆ చూపు తెగలతో ఆగలేదు. కొత్తపట్నంలో 1937లో యువకులకు వేసవి రాజకీయ పాఠశాల పెడితే దాన్నీ నిషేధించారు.)

ఉపాధ్యాయ మిత్రులకు ఒక మాట. పిల్లవాడి ప్రోగ్రెస్ కార్డులో 'నెమ్మది' అని రాస్తారు. నిదానంగా చదువుతాడనా, నోరెత్తడనా, బడిలో హాయిగా ఉన్నాడనా? మూడింటికీ ఒకే మాట సరిపోతోంది. ఇంట్లో లంబాడీయో ఎరుకల భాషో మాట్లాడే పిల్ల మొదటి ఏడాది తరగతిలో పెదవి విప్పకపోతే అది నెమ్మది కాదు, మాట అందకపోవడం. అక్కడ నెమ్మది అని రాస్తే ఆ సంగతి కార్డులోనే కప్పడిపోతుంది. 'ఇంకా మాట్లాడటం లేదు' అని రాయండి. అప్పుడు వచ్చే ఏడాది టీచరు ఎందుకని అడుగుతుంది.