ఒకే రైతుకు మూడు రేట్లు

డేటాబేస్ పాఠం అనగానే మన కాలేజీల్లో లైబ్రరీ మేనేజ్‌మెంట్ సిస్టమ్ తప్పదు. పుస్తకం, సభ్యుడు, తిరిగిచ్చిన తేదీ. అందులో పిల్లలు తికమకపడే చోటే లేదు, కాబట్టి ఆలోచించాల్సిన పనీ పడదు.

నేను మదనపల్లె టమాటా మార్కెట్‌తో మొదలుపెడతాను. రైతు తెచ్చిన సరుకు ఒకటే అయినా నాణ్యతను బట్టి రెండు మూడు రకాలవుతుంది. రకానికో వేలం పాట, పాటకో ధర. ఆపైన మండీ పట్టీలో కమీషన్, హమాలీ కూలి. మొదట అందరూ రైతు పేరు పక్కనే ధరకు ఒక గడి పెట్టేస్తారు. అంతలో వెనక బెంచీ నుంచి, “సార్, మా నాయనకు ఒకే పూట మూడు రేట్లు పడతాయి కదా!” అని వినిపిస్తుంది. ఇక నార్మలైజేషన్ ఎందుకో నేను విడిగా చెప్పనక్కర్లేదు. 2023 జులైలో ఇక్కడ కిలో 200 రూపాయల దరిదాపులకు వెళ్లింది. కొనేవాళ్లు లేక రోడ్డు పక్కన పారబోసిన సీజన్లూ ఉన్నాయి. పాత ధర చెరిపేసి కొత్తది రాస్తే ఏం పోతుందో ఈ పిల్లలకు ఇంట్లోనే తెలుసు.

పుంగనూరు ఆవు నాకు అంతకన్నా ఇష్టమైన పాఠం. మూడడుగుల ఎత్తుండే ఆ జాతి అంతరించే దాకా వచ్చింది. పలమనేరు పశు పరిశోధన కేంద్రం దాన్ని కాపాడుతూ వస్తోంది. దూడ వంశం గీయమంటే క్లాసంతా ట్రీ గీస్తుంది. మంద చిన్నదైతే ఒకే ఆబోతు తల్లి వైపు తాతగా, తండ్రి వైపు ముత్తాతగా తేలొచ్చు. కొమ్మలు మళ్లీ కలిశాయంటే అది గ్రాఫే. ఆ ఆబోతును రెండుసార్లు లెక్కపెడితే పూర్వీకుల సంఖ్య తప్పుతుంది. ఒక్కసారే పెడితే రక్తసంబంధం ఎంత దగ్గరిదో తెలియదు. ఏ ప్రశ్నకు జవాబు కావాలో తేల్చుకోకుండా కోడ్ రాయలేమని అక్కడ అర్థమవుతుంది.

థెరాక్-25 రేడియేషన్ యంత్రం కథ కూడా చెబుతాను. 1985–87 మధ్య సాఫ్ట్‌వేర్ లోపాలతో రోగులకు ప్రాణాంతకమైన మోతాదు ఇచ్చిందది. పిల్లలు నిశ్శబ్దంగా వింటారు. కానీ వెళ్లి అడగడానికి అక్కడ వాళ్లకెవరూ లేరు. కుప్పం అలా కాదు, బస్సెక్కితే చాలు. 2002లో హెచ్‌పీ, రాష్ట్ర ప్రభుత్వం కలిసి అక్కడ ఐ-కమ్యూనిటీ ప్రాజెక్టు మొదలుపెట్టాయి. పల్లెల్లో సమాచార కేంద్రాలు పెట్టారు, మహిళలకు సౌరశక్తితో నడిచే ఫొటో ప్రింటర్లిచ్చారు. నేనిచ్చే ప్రశ్న ఒకటే: కంపెనీ వెళ్లిపోయాక ఇంకు, మరమ్మతు ఎవరి ఖర్చు?

తోటి అధ్యాపకులకు ఒక మనవి. వచ్చే సెమిస్టర్లో ఒక్క యూనిట్‌కైనా మీ కాలేజీ బస్సు తిరిగే ఊళ్లోంచి కేసు తీసుకోండి. ప్రశ్నపత్రంలో దానికి మార్కులుంచండి; లేకపోతే పిల్లలు చదవరు.