రాజ్‌ప్రముఖ్ కాలం – ‘చిల్లర దేవుళ్లు’: ఒక విమర్శనాత్మక పరిశీలన

హైదరాబాద్ సంస్థాన చరిత్రను 1948 సెప్టెంబరు 17తో ముగించడం మనకు అలవాటు. కాని ఆ రోజుతో నిజాం పదవి పోలేదు. మీర్ ఉస్మాన్ అలీఖాన్ 1949 నవంబరులో భారత రాజ్యాంగాన్ని అంగీకరిస్తూ ఫర్మానా జారీ చేశాడు. 1950 జనవరి 26 నుంచి 1956 అక్టోబరు 31 వరకు రాజ్‌ప్రముఖ్‌గా కొనసాగాడు. నల్లగొండ పల్లెల్లో సాయుధ పోరాటం ఇంకా ఆగకముందే నిరంకుశ ప్రభువు రాజ్యాంగబద్ధ అధిపతి అయ్యాడన్నమాట. ఈ మార్పు వల్ల రైతుకు ఒరిగిందేమిటి? దాశరథి రంగాచార్య ‘చిల్లర దేవుళ్లు’ (1969) నవల పోలీసు చర్యకు ముందు కాలానిది. అయినా ఈ ప్రశ్నను అర్థం చేసుకోవడానికి అది తోడ్పడుతుంది.

శీర్షికలోని విమర్శ

పెద్ద దేవుడు హైదరాబాదులో ఉంటాడు. ఊరివారికి అతడు కనిపించడు. వారికి తెలిసిన రాజ్యం గడీలోని దొర, లెక్కలు రాసే కరణం. వెట్టి చేయించేది, ఆడబాపల బతుకులను శాసించేది ఈ చిల్లర దేవుళ్లే. అధికారం సింహాసనంలో కన్నా భూమిలో, దస్తరంలో ఎక్కువగా ఉందన్నది నవల సారం.

చరిత్రతో పోలిక

1949లో జాగీర్లు రద్దయ్యాయి. అయితే దేశముఖుల భూములు చాలావరకు దివానీ ప్రాంతంలోని పట్టా భూములు. జాగీర్ల రద్దు వాటిని తాకలేదు. 1950 కౌలుదారీ చట్టం రక్షిత కౌలుదారులకు హక్కులు ఇచ్చింది. కాని హక్కు నిలవాలంటే రికార్డులో పేరెక్కాలి. ఆ రికార్డు పటేల్ పట్వారీల చేతిలోనే ఉంది. నవల చూపిన దస్తరం బలం ఇక్కడ మనకు గుర్తుకు రావాలి.

ఇంకో వైపు కూడా చూడాలి. 1951 అక్టోబరులో పోరాటాన్ని విరమించారు. 1952 ఎన్నికల్లో నల్లగొండ ఓటర్లు రావి నారాయణరెడ్డిని నెహ్రూకన్నా ఎక్కువ ఓట్లతో లోక్‌సభకు పంపారు. మహబూబ్‌నగర్ జిల్లాకు చెందిన బూర్గుల రామకృష్ణారావు ముఖ్యమంత్రి అయ్యారు. నిజాం రాజ్‌ప్రముఖ్‌గా ఉండగానే ఇవన్నీ జరిగాయి. కాబట్టి ఆ కాలాన్ని ఉత్త అలంకారంగా కొట్టివేయలేము.

నవల పరిమితి

గ్రామాన్ని మనం ఎక్కువగా బయటి నుంచి వచ్చిన సంగీతజ్ఞుడు సారంగపాణి కళ్లతో చూస్తాం. ఇది పాఠకునికి సౌకర్యమే. కాని వెట్టివారు బాధితులుగా కనిపించినంతగా, ఆలోచించి నిర్ణయించే మనుషులుగా కనిపించరు. 1944 భువనగిరి ఆంధ్ర మహాసభ నాటికే పల్లె జనం సంఘం వైపు కదిలారు. ఆ కదలిక కోసం రచయిత తరువాతి నవల ‘మోదుగుపూలు’ చదవాలి.

ముగింపు

రాజు అధికారాన్ని రాజ్యాంగం పరిమితం చేయగలిగింది. దొర అధికారానికి ఆ పరిమితి అంత త్వరగా రాలేదు. నవల విలువ ఈ తేడాను ముందే గుర్తు చేయడంలో ఉంది.

మీ ప్రగతిని పరీక్షించుకోండి

1. జాగీర్ల రద్దు దేశముఖుల భూములను ఎందుకు తాకలేదు?
2. ‘చిల్లర దేవుళ్లు’ అనే శీర్షిక ఔచిత్యాన్ని మీ ఊరి అనుభవంతో పోల్చి పది వాక్యాల్లో చర్చించండి.